ఆరున్నొకటి

నేను ఒక మరచెంబుని. అసలు సిసలు బుడితి ఇత్తడిని. చెంబే కదా అని తీసిపారేయకండి. ఒక సాయంత్రం నన్ను పిల్ల అనుకున్నారు. అనుకుని ఊరుకోలేదు, తలమీద చెయ్యేసి లెక్కపెట్టారు. ఒకసారి కాదు, నాలుగుసార్లు. ఆ చెయ్యి ఇప్పటికీ నా మీద ఉన్నట్టే ఉంటుంది. ఎన్నిసార్లు చింతపండేసి తోమినా పోలేదు.

ఇత్తడి పనికి పేరుపడ్డ ఆ బుడితి ఊళ్ళో నన్ను పోసినవాడు కూర్మయ్య. సాయంత్రమైతే తూలేవాడు గాని, పొద్దున్న చేతికి పనొచ్చిందంటే ఆ చుట్టుపక్కల వాడికి సాటి లేదు. ముఖ్యంగా మర. మరంటే మూత తిప్పితే బిగుసుకునే గాడి. "ఒక చెంబు మూత ఇంకో చెంబుకి పట్టకూడదు. పట్టిందంటే ఆడు కంచరోడు కాదు" అనేవాడు. నా మూతని నా గొంతుకి ఎన్నిసార్లు సరిచూశాడో లెక్కలేదు. నన్ను బోర్లించి ఊపినా ఒక్క చుక్క కారదు. నాకది గర్వంగా ఉండేది. గర్వమన్నది మనిషికైనా చెంబుకైనా ఏదో ఒకనాడు దెబ్బతీస్తుంది, అది వేరే సంగతి.

నన్ను మొదట కొన్నవాడు గోగునార వ్యాపారి దగ్గర గుమస్తా. సంతలకి తిరిగేవాడు. ఇంట్లోవాళ్ళు నాలో మంచినీళ్ళు పోసి పంపేవారు. తిరిగొచ్చేటప్పటికి నాలో ఏముండేదో నేను చెప్పను, ఆయన పోయాడు, పోయినవాళ్ళ మీద మనకెందుకు. ఆయన కూతురు పైడమ్మకి పెళ్ళి కుదిరితే బూరెలూ చలిమిడితో పాటు నన్నూ సారెలో పెట్టి విశాఖపట్నం పంపారు. అల్లిపురంలో ఒకే వాకిట్లో మూడు వాటాలు. పెద్ద వాటా పైడమ్మది. మొగుడు పోర్టులో కలాసీ. పిల్లల్లేరు. మిగతా రెండు వాటాల్లో ఇద్దరు మరుదులు, వాళ్ళ భార్యలు, ఇద్దరికీ కలిపి ఏడుగురు పిల్లలు. ఆ ఏడుగురికీ పైడమ్మ పెద్దమ్మ.

చూశారా, ఏడుగురు అనేశాను. ఆ ఇంట్లో అయితే అననిచ్చేవారు కాదు.

పెద్దమ్మకి లెక్కపెట్టడంలో ఒక పద్ధతుంది. ధాన్యం కొలిచినట్టు, ఒకటి అనదు, లాభం అంటుంది. లాభం, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు. ఆ తర్వాత ఏడు అనకూడదు. ఏడు అంటే అంకెకి అంకే, ఏడవమనడానికి ఏడవమనడమే. పిల్లల తలమీద చెయ్యేసి ఏడు అని ఎవరంటారండీ? అందుకని ఆరున్నొకటి అనేది. ఇంకో పట్టింపు కూడా ఉండేది. పిల్లల్ని చూస్తూ లెక్కపెడితే దిష్టి తగుల్తుందట. కళ్ళు పక్కకి తిప్పుకుని, ఒక్కో తలా నిమిరి లెక్కపెట్టేది. "నా చేతికి కళ్ళున్నాయర్రా" అనేది. ఆ మాటకి పిల్లలు పకపకా నవ్వేవారు. నేనూ నవ్వాను. నా ఖర్మ.

ఏడాదికి రెండుసార్లు పెద్దమ్మ పిల్లలందర్నీ ఎక్కడికో ఒకచోటికి తీసుకెళ్ళేది. అదేమంత తేలిక కాదు. పెద్దది సుగుణకి పదిహేనేళ్ళు, చివరాఖరి బుజ్జిగాడికి రెండు. మధ్యలో పదమూడు, పదకొండు, తొమ్మిది, ఆరు, నాలుగు. సుగుణకి ఈ గుంపుతో నడవడం నామోషీ, పది అడుగులు వెనకుంటుంది. పదమూడేళ్ళ మోహనుకి ఎక్కడికెళ్ళినా ఎంత దూరం, ఎంత ఎత్తు అని లెక్కలు కావాలి. ఆరేళ్ళదానికి బండెక్కితే వాంతి. నాలుగేళ్ళ చిట్టి గంటకోసారి పక్కకి వెళ్ళాలి. బుజ్జిగాడు మధ్యాన్నం పడుకోకపోతే ఊరు పీకి పందిరేస్తాడు. ఇన్ని తలల్ని ఒక్క రోజులో ఇమడ్చాలి. పెద్దమ్మ వారం ముందునుంచీ బొగ్గుముక్కతో వాకిట్లో గోడమీద గీతలు గీసేది. ఏ వేళకి ఎవరికి ఏం పెట్టాలి, ఎవరు కిటికీ పక్కన, ఎవరు గుమ్మానికి దూరం.

చివరికి జతలు కట్టేది. పెద్దోళ్ళలో పెద్దకి చిన్నోళ్ళలో చిన్న. సుగుణకి బుజ్జిగాడు. మోహనుకి చిట్టి. పదకొండేళ్ళ గవర్రాజుకి ఆ వాంతుల పిల్ల. చెయ్యి వదిలితే తాట తీస్తానని చెప్పేది. మూడు జతలు, ఆరుగురు. భేషైన ఏర్పాటు. నిజంగా భేషే. ఒక్కటే లోటు, మధ్యలో ఒకతి మిగిలిపోయేది.

ఆ మిగిలిన పిల్ల తొమ్మిదేళ్ళ నూకాలు. అసలు పేరు నూకరత్నం. ఎత్తుకోవడానికి పెద్దది, ఒకరిని అప్పజెప్పడానికి చిన్నది. వాంతి చేసుకోదు, అలగదు, పారిపోదు, ఏడవదు. అలాంటి పిల్ల గురించి గోడమీద రాయడానికి ఏముంటుంది? మొదటిసారి జతలు కట్టినప్పుడు చాలాసేపు నిలబడి, "మరి నాకేటి పని పెద్దమ్మా?" అంది.

పెద్దమ్మ చుట్టూ చూసింది. నేను కనబడ్డాను.

"నువ్వు చెంబు చూసుకో."

నూకాలు నన్ను రెండు చేతులా ఎత్తుకుంది. ఆ రోజునుంచీ అది నా జత. మూత తీసి నాలో మొహం పెట్టి "ఓయ్" అనేది. నేను "ఓయ్" అనేవాణ్ణి. అంతమంది ఇంట్లో అది పిలిస్తే వెంటనే పలికేది నేనొక్కణ్ణే. దానికి అది ఎంత ఇష్టమో. స్కూల్లో ఏం జరిగిందో, గవర్రాజు ఏం గిల్లాడో అన్నీ నా నోట్లో చెప్పి టక్కున మూత బిగించేసేది, మాటలు బైటికి పోకుండా.

ఆ యేడు డిసెంబర్లో అరకు వెళ్ళాం. పొద్దున్న ప్యాసింజరు బండి. నూకాలు తల్లి జ్వరమొచ్చి ఉండిపోయింది. "నువ్వు చూసుకుంటావు కదక్కా" అని పెద్దమ్మకి అప్పజెప్పింది. మగవాళ్ళకి డ్యూటీలు. పెద్దమ్మ, చిన్న తోడికోడలు, ఏడుగురు పిల్లలు, పులిహోర డబ్బా, నేను. చలని అందరికీ టోపీలు. నూకాలుది ఎర్ర ఉన్ని టోపీ, నెత్తిమీద బంతిలాంటి కుచ్చు. పెద్దమ్మే అల్లింది.

వెళ్ళేటప్పుడు పండగే. కొండల్లో బండి సొరంగంలోకి వెళ్ళినప్పుడల్లా పిల్లలు గోలగోలగా అరవడం, మోహను "పన్నెండోది! పదమూడోది!" అని లెక్క. చీకటి పడగానే పెద్దమ్మ చెయ్యి తలలమీద నడిచేది. లాభం, రెండు, మూడు. వెలుగొచ్చేసరికి ఆరున్నొకటి. అందరూ ఉన్నారు. ఇంకో సొరంగం. అదొక ఆటయిపోయింది వాళ్ళకి. తల నిమిరించుకోవడం కోసం నూకాలు ముందుకి వంగి కూర్చునేది. అందరికంటే ఆఖర్న దాని వంతు. ఆరున్నొకటి అన్నప్పుడు పెద్దమ్మ చెయ్యి దాని తలమీద ఒక్క క్షణం ఎక్కువ ఆగేది. ఆ క్షణం కోసమే ఆ పిల్ల బండెక్కిందని నాకనిపిస్తుంది.

తిరిగొచ్చేటప్పుడు బండి కిక్కిరిసిపోయింది. మావాళ్ళకి ఒకచోట చోటు దొరకలేదు. ఆరుగురూ పెద్దవాళ్ళతో ఇటుపక్క, నూకాలూ నేనూ నడవకి అటుపక్క కిటికీ మూల. సాయంత్రం నాలుగు దాటాక చీమలగెడ్డ అనే చిన్న హాల్టులో బండి ఆగింది. ఎదురుగా ఇనపరాయి గూడ్సు వస్తోందట, అది పోయేదాకా కదలదన్నారు. జనం దిగి ఉడకబెట్టిన శెనక్కాయలు కొనుక్కుంటున్నారు. ఇంతలో ఆ ఆరేళ్ళది భళ్ళున వాంతి చేసుకుంది. ఉన్న నీళ్ళన్నీ దాని మొహానికీ గౌనుకీ అయిపోయాయి.

"ఒలే నూకాలూ, నీళ్ళు తేవే!" అని కేకేసింది పెద్దమ్మ.

నూకాలు నన్నెత్తుకుని దిగింది. ప్లాట్‌ఫారం చివర కొళాయి. మూత తీసి అరుగుమీద పెట్టి నన్ను నింపింది. కొండనీళ్ళు, జివ్వుమన్నాయి. అంత బరువు మోసుకుంటూ పడుతూ లేస్తూ వచ్చి పెట్టెక్కి నన్ను తన చోట్లో, సంచి మీద పెట్టింది. అప్పుడు చూసుకుంది. మూత లేదు. కొళాయి దగ్గర మరిచిపోయింది.

నీళ్ళలో దుమ్ము పడకుండా తన టోపీ తీసి నాకు తొడిగింది. కుచ్చు సరిచేసింది. టోపీ అంచు ఎత్తి నాలో నెమ్మదిగా అంది. "ఇక్కడే కూకో. నాను మూత తెచ్చేస్తాను."

దిగింది. గూడ్సు ధడధడమని పోయింది. బండి కూత వేసింది.

నేను చూస్తూనే ఉన్నాను. జనం తోసుకుంటూ ఎక్కారు. సీతాఫలాల బుట్ట పట్టుకుని ఒకావిడ నాకూ మావాళ్ళకీ మధ్య నడవలో చతికిలపడింది. బండి కదిలింది. కొళాయి దగ్గర నూకాలు వంగుని వెతుకుతోంది. మూత అరుగుమీంచి దొర్లి ఎక్కడో పడుంటుంది. అది తలెత్తింది. పరిగెత్తింది. లంగా ఎగ్గట్టుకుని పరిగెత్తింది. నోరు తెరిచి ఏదో అరుస్తోంది, బండి హోరులో ఒక్క ముక్క వినబడలేదు. అప్పుడే సొరంగం వచ్చింది.

చీకట్లో పెద్దమ్మ గొంతు. లాభం. రెండు. మూడు. నాలుగు. ఐదు. ఆరు. సీతాఫలాల బుట్ట మీదుగా చెయ్యి చాచింది. ఉన్ని టోపీ తగిలింది. నిమిరింది. నామీద, ఒక్క క్షణం ఎక్కువ ఆగింది.

"ఆరున్నొకటి."

నాకు నోరుంది. ఆ దేవుడు నాలుక ఇవ్వలేదు. ఆ ఒక్క పూటకి ఇచ్చుంటే వాడి సొమ్మేం పోయేది?

వెలుగొచ్చాక పెద్దమ్మ నావైపు చూసింది. మూలకి ఒదిగిన ఎర్రటోపీ కనబడింది. "పాపం, నీళ్ళు మోసి అలిసిపోయింది. చలికి ముడుచుకుపోయింది గుంట" అని తన శాలువా తీసి బుట్ట మీదుగా నాకు కప్పింది. గొంతు దగ్గర దోపింది కూడా. నూకాలుకి ఎప్పుడూ ఎవరూ అంత మురిపెంగా కప్పలేదు. అది ఉండి కప్పించుకోవాల్సిన శాలువా అది. నేను కప్పించుకున్నాను.

పెట్టెలో దీపం వెలగలేదు. కొండలు దిగేసరికి పొద్దు గుంకింది. ఒక స్టేషను. లాభం, రెండు, మూడు, ఆరున్నొకటి. ఇంకో స్టేషను. మధ్యలో మోహను, "నూకాలు మాటాడ్డం నేదేటి పెద్దమ్మా?" అన్నాడు. "పడుకుందిరా, నిద్దరపోనీ. నీళ్ళు ఇంటికెళ్ళి తాగుదాం" అంది. కొత్తవలసలో మళ్ళీ చెయ్యొచ్చింది. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టని సామెత చెప్తారు. పిల్లని ఊళ్ళో వదిలి చంకలో చెంబు పెట్టుకుని నిశ్చింతగా కూర్చున్నవాళ్ళకి సామెత లేదు. బండి కుదిపినప్పుడల్లా నాలో నీళ్ళు కదిలేవి. ఆ నీళ్ళలో దాని మాట కదిలేది. ఇక్కడే కూకో. ఇక్కడే కూకో.

విశాఖపట్నంలో జతలు జతలుగా దిగారు. ఒకరి చెయ్యి ఒకరు వదల్లేదు. ఏర్పాటంటే ఏర్పాటు! పెద్దమ్మ చివర్న నా దగ్గరికొచ్చింది. "నూకాలూ, లెగమ్మా. ఇల్లొచ్చీసింది" అని భుజం పట్టి కుదిపింది. భుజం లేదు. శాలువా జారింది. టోపీ చేతిలోకి వచ్చేసింది. ఆవిడ చెయ్యి తిన్నగా నా నోట్లోకి, మణికట్టుదాకా చల్లటి నీళ్ళలోకి పోయింది. ఆవిడ ఆ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. అలాగే నిలబడిపోయింది. నీళ్ళలో ఆవిడ వేళ్ళు పిల్ల కోసం వెతికాయి. నేను అబద్ధం చెప్పడం లేదు, నిజంగా వెతికాయి.

తర్వాత గోల మీకు తెలిసిందే. ఏడుపులు, పరుగులు, స్టేషను మాస్టరు గది, ఫోన్లు. చీమలగెడ్డలో పిల్ల క్షేమంగా ఉందని కబురొచ్చింది. మర్నాడు బండిలో అక్కడ పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ సోమన్న తీసుకొచ్చి వాకిట్లో దింపాడు. వాళ్ళావిడ అంబలి తాగించి, తన పిల్లల పక్కన పడుకోబెట్టుకుందట. నూకాలు తల్లి జ్వరంతోనే లేచి పిల్లని వాటేసుకుని ఏడ్చింది. పెద్దమ్మ ఏడ్చింది. సుగుణ ఏడ్చింది. నూకాలు ఏడవలేదు. వాకిట్లో నిలబడి ఒకటే మాట అడిగింది.

"నాను బండిలో నేనని ఏ స్టేషన్ కాడ చూసుకున్నారు?"

 ఆరుగురు పిల్లలూ నేల చూపులు చూశారు.

"పక్క స్టేషన్ కాడేనమ్మా" అంది పెద్దమ్మ. "బండి ఆపమని గగ్గోలు పెట్టీసేం. ఆపితేనా?"

తిలాపాపం తలా పిడికెడు. ఆ అబద్ధాన్ని అందరూ తలా కొంచెం మోశారు. మోహను తల ఊపాడు. చిన్న తోడికోడలు "అవునే తల్లీ" అంది. నూకాలు అందర్నీ ఒకసారి చూసింది.

"మూతేదే?" అని అడిగింది పెద్దమ్మ, ఏదో ఒకటి అడగాలని.

"దొరకనేదు."

అదీ అబద్ధమే. దాని లంగా కుచ్చిళ్ళ ముడిలో నా మూత ఉంది. నా మర నాకు తెలీదా? అది నా పక్కనుంచి నడిచినప్పుడు నా గొంతు ఝుమ్మంది. ఆ వాకిట్లో రెండు అబద్ధాలు ఎదురెదురుగా నిలబడ్డాయి. రెండూ తెలిసిన సాక్షిని నేనొక్కణ్ణి.

నూకాలు తల్లి పెద్దమ్మని ఒక్క మాట తిట్టలేదు. తిట్టినా బాగుండేది. రెండు రోజుల తర్వాత నూతి దగ్గర నెమ్మదిగా అంది. "అక్కా, నువ్వు లెక్కెట్టేవు కదా." అంతే. ఆ తర్వాత ఆవిడ బతికినంతకాలం ఆ సంగతి ఎత్తలేదు. పెద్దమ్మ ఆ రోజు అన్నం తినలేదు.

ఎండాకాలంలో మళ్ళీ ప్రయాణం పెట్టింది పెద్దమ్మ. ఈసారి భీమిలి బీచికి. భయం పోగొడదామని కాబోలు. గోడమీద గీతలు గీసింది. నూకాలుకి జతగా తనే ఉంటానంది. నూకాలు లోపలికెళ్ళి ఎర్రటోపీ తెచ్చింది. నాకు తొడిగింది. కుచ్చు సరిచేసింది.

"నాను రాను పెద్దమ్మా. నా బదులు చెంబుని తీసుకెళ్ళండి. లెక్క సరిపోద్ది."

అన్నది నవ్వుతూనే. ఎండాకాలంలో ఉన్ని టోపీ పెట్టుకున్న చెంబుని చూసి నవ్వడానికి ఇంకెవరికీ నోరు రాలేదు. ఆ టోపీ తియ్యడానికి చెయ్యీ రాలేదు. అలాగే తీసుకెళ్ళారు. బస్సులో పెద్దమ్మ ఆరుదాకా లెక్కపెట్టింది. తర్వాత చెయ్యి నామీదికి వచ్చి గాలిలో ఆగిపోయింది. బీచిలో ఇసకలో నన్ను పెడితే, సముద్రపు గాలి టోపీ సందులోంచి నా నోట్లో దూరి ఊ ఊ అంది. నాలుగేళ్ళ చిట్టి నా దగ్గరికి వచ్చి చెవి పెట్టి విని, "అక్క లోపలుంది" అంది. పెద్దమ్మ నీళ్ళు తాగకుండానే పిల్లల్ని వెనక్కి తోలుకొచ్చేసింది.

అదే ఆఖరి షికారు.

ఆ తర్వాత నాకు మూత కోసం పెద్దమ్మ పడిన పాట్లు చూడాలి. పూర్ణామార్కెట్టులో ఇత్తడి కొట్లన్నీ తిప్పింది. ఒక్క మూతా పట్టలేదు. కూర్మయ్య చచ్చి ఏ లోకాన ఉన్నాడో గాని అక్కడ కులుకుతూ ఉండుంటాడు. పళ్ళెం మూసింది, గుడ్డ కట్టింది. అయినా గాలి కొడితే నేను ఊ అనేవాణ్ణి. నేనేం చెయ్యను, నోరు తెరిచి ఉంటే గాలి పలుకుతుంది. అందులో ఆవిడకి "పెద్దమ్మా" అని వినిపించేది. ఒకసారి పట్టపగలే నా దగ్గర కూర్చుని, నా నోట్లోకి "ఉన్నానమ్మా, ఇక్కడే ఉన్నాను" అంది. నేను ఆ మాటే తిరిగి చెప్పాను. ఇక్కడే ఉన్నాను. ఆవిడ దడుచుకుని నన్ను అటకెక్కించేసింది.

అటకమీద చాలా ఏళ్ళున్నాను. సొరంగంలో ఉన్నట్టే ఉండేది, వెలుగు రాని సొరంగం. టోపీని చిమ్మటలు కొట్టేశాయి, కుచ్చొక్కటే మిగిలింది. కింద పెళ్ళిళ్ళు జరిగాయి, చావులు జరిగాయి. ఇల్లు మారారు, నన్నూ మార్చారు, ఒక అటకనుంచి ఇంకో అటకకి. కింది మాటల వల్ల తెలిసింది, నూకాలు బస్సు కండక్టరయిందట. నవ్వొచ్చింది నాకు. పొద్దస్తమానం తలలు లెక్కపెట్టే ఉద్యోగం! దాని బస్సులో ఎవరైనా టీకి దిగితే వాళ్ళు ఎక్కేదాకా విజిల్ ఊదదట. డ్రైవర్లు విసుక్కుంటారట. పెళ్ళి చేసుకుంది, ఇద్దరు కొడుకుల్ని కంది. పెద్దమ్మని చూడ్డానికి నెలకోసారి వచ్చేది. పళ్ళు తెచ్చేది, కాళ్ళు ఒత్తేది, నవ్వుతూ మాట్లాడేది. ఒక్కటే, పెద్దమ్మ తల నిమరబోతే తల పక్కకి జరిపేసేది. నలభై ఏళ్ళూ అంతే.

మొన్నీమధ్య ఒక ఆదివారం పొద్దున్న నన్ను దింపారు. పెద్దమ్మ ఇప్పుడు గాజువాకలో సుగుణ దగ్గర ఉంటోంది. ఎనభై దాటింది, చూపు పూర్తిగా పోయింది. అటక సర్దుతూ సుగుణ పాత సామాన్లవాణ్ణి పిలిచింది. వాడు నన్ను తిప్పి తిప్పి చూసి, "మూత నేదు కదమ్మా, తుక్కు కిందే కడతాను" అన్నాడు. తుక్కు! బుడితి ఇత్తడి! సరేలే, తుక్కయితే కరిగిస్తారు, కరిగితే ఇక్కడే కూకో అన్న ఆ మాట కూడా కరిగిపోతుంది, అదీ మంచిదే అనుకున్నాను.

ఇంట్లో ఆ రోజు పిల్లల గోల. సుగుణ మనవలు, మోహను మనవలు, ఆరుగురు. పద్నాలుగేళ్ళవాడినుంచి రెండేళ్ళదాకా. ఏదో స్కూలు సెలవులకి చేరారు. అందర్నీ అరకు తీసుకెళ్ళాలని అనుకుంటున్నారు, ఏర్పాట్లు చెయ్యడానికి నూకాలుని రమ్మన్నారు. ప్రయాణాల సంగతి దానికే తెలుసని. నూకాలు వచ్చింది. జుట్టు నెరిసింది. గుమ్మంలో నన్ను చూసి ఒక్క నిమిషం ఆగి, ఏమీ ఎరగనట్టే లోపలికెళ్ళి కాగితం తీసుకుని కూర్చుంది. పద్నాలుగేళ్ళవాడు తనకి వేరే సీటు కావాలంటున్నాడు, రెండేళ్ళది చంకలో ఏడుస్తోంది. నూకాలు వాళ్ళెవర్నీ చూడలేదు. గోడకి ఆనుకుని నిలబడ్డ తొమ్మిదేళ్ళ పిల్లని పిలిచింది.

"ఇలా రామ్మా. ముందు నువ్వు చెప్పు. నీకేటి కావాలి?"

ఆ పిల్ల తెల్లబోయింది. దాన్ని ఎవరూ అలా ముందు అడిగి ఉండరు.

గుమ్మంలోంచి పాత సామాన్లవాడు మళ్ళీ అన్నాడు. "మూతుంటే చెప్పండమ్మా, రేటు మారుద్ది."

నూకాలు లేచింది. తన తోలుసంచిలో, టిక్కెట్లూ చిల్లరా పెట్టుకునే సంచిలో చెయ్యి పెట్టి ఒకటి తీసి నేలమీద పెట్టింది. ఖణేల్‌మంది. ఆ చప్పుడుకి మంచంమీద పెద్దమ్మ లేచి కూర్చుంది.

"అది మరచెంబు మూత కదే?"

"అవును పెద్దమ్మా."

"దొరకనేదన్నావు!"

"మీరు పక్క స్టేషన్ కాడ చూసుకున్నామన్నారు."

సుగుణ చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది.   పెద్దమ్మ చెప్పింది, గుడ్డికళ్ళు గోడకేసి తిప్పి. "విశాపట్నం దాకా చూసుకోనేదే. నాలుగుసార్లు లెక్కెట్టేను. చెంబుకి శాలువా కప్పేను. చెంబునే నిన్ననుకున్నాను తల్లీ."

"తెలుసు" అంది నూకాలు. "సోమన్న బాబాయ్ ఫోన్ చేసి చెప్తానన్నాడు. నానే చెయ్యనివ్వనేదు. మా పెద్దమ్మ స్టేషన్ స్టేషన్‌కీ లెక్కెడతాది, ఆళ్ళే చేస్తారు, ఇంకొక్క స్టేషను ఆగు బాబాయ్ అన్నాను. ఫోను పక్కనే కూకున్నాను. ఈ మూత పట్టుకుని. బండి ఏ స్టేషను దాటిందో ఆయన చెప్తూనే ఉన్నాడు. నాను ఇంకొక్క స్టేషను ఆగమంటూనే ఉన్నాను."

అన్నీ మామూలుగానే చెప్పింది, ఎవరి కథో చెప్తున్నట్టు.  తొమ్మిదేళ్ళప్పుడు వాకిట్లో నిలబడ్డట్టే నిలబడింది. ఆ పిల్ల ఇంకా చీమలగెడ్డలోనే ఉందని నాకు అప్పుడు అర్థమయింది. ఇన్నేళ్ళూ ఇంటికొచ్చి పోతున్నది కండక్టరమ్మ. పిల్ల ఇంకా ఆ ఫోను పక్కనే కూర్చుని ఉంది.

పెద్దమ్మ మంచం దిగింది. "పిల్లల్ని రమ్మను. ఇలా వరసగా కూకోమను" అంది. ఆరుగురూ వచ్చి కూర్చున్నారు, ఆ పద్నాలుగేళ్ళవాడు కూడా నోరెత్తకుండా కూర్చున్నాడు. ముసలి చెయ్యి ఒక్కో తలా నిమిరింది. ఇప్పుడింక కళ్ళు పక్కకి తిప్పుకునే పని కూడా లేదు. లాభం. రెండు. మూడు. నాలుగు. ఐదు. ఆరు. ఆరు దాటాక ఆ చెయ్యి గాలిలో ఆగింది. నా వైపుకే ఆగింది. పాత అలవాటు.

నూకాలు ఆ చెయ్యి పట్టుకుంది. పిల్లల వరస చివర్న కింద కూర్చుని, ఆ చేతిని తన నెత్తిమీద పెట్టుకుంది.

పెద్దమ్మ నిమిరింది. నుదురు, పాపిడి, నెరిసిన జుట్టు, చెవులు, మళ్ళీ మొదటినుంచి. ఇత్తడి కాదని తేల్చుకోవడానికి అంతసేపు పట్టింది. ఆరున్నొకటి అంటుందని నేను చూస్తున్నాను. సుగుణా అదే అనుకుని ఉంటుంది. ఆ ఇంట్లో అందరం పుట్టినప్పటినుంచీ విన్నది అదే కదా.

"ఏడు" అంది పెద్దమ్మ. "ఏడమ్మా."

ఆ ఇంట్లో ఆ మాట అనడం అదే మొదలు. గుమ్మంలో సామాన్లవాడు చెంబిస్తారా ఇవ్వరా అని అడుగుతూనే ఉన్నాడు. వాడికి జవాబు చెప్పేవాళ్ళు లేరు. నూకాలు పెద్దమ్మ ఒళ్ళో మొహం పెట్టేసి, చుట్టూ పిల్లలు చూస్తుండగా, తొమ్మిదేళ్ళ పిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది.